రిగ్గు హార్స్‌పవర్ సరే, పట్టు సంగతేంటి?

చమురు, గ్యాస్ బావులు తవ్వే రిగ్గు గురించి ఎవరు మాట్లాడినా మొదట వినబడేది హార్స్‌పవర్. 1500, 2000, మాస్ట్ (రిగ్గు నిలువు టవరు) ఎన్ని టన్నులు మోస్తుంది, ఎన్ని వేల మీటర్లు తవ్వుతుంది. పేపర్లో వార్త చదివినా, టెండరు కాగితాలు తీసినా అవే అంకెలు. పైపుల్ని ఎత్తి దించే డ్రా వర్క్స్‌కి ఆ బలం కావాలి, కాదనను. కానీ రిగ్ ఫ్లోర్ మీద ఒక షిఫ్టు ఎలా గడుస్తుందో చూడండి. పైపుని పట్టుకోవడం, విప్పడం, బిగించడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం. రోజంతా ఇదే పని.

చిన్న లెక్క చేద్దాం. 5 అంగుళాల డ్రిల్ పైపు ఒక్కోటి సుమారు 9.5 మీటర్లు. మూడు కలిపితే ఒక స్టాండు, 28.5 మీటర్లు. 3,000 మీటర్ల దగ్గర బిట్ (రాయిని తొలిచే మొన) అరిగిపోయింది, పైపులన్నీ పైకి లాగి, బిట్ మార్చి మళ్లీ దించాలి. దాదాపు 105 స్టాండ్లు. పైకి వచ్చేటప్పుడు 105 జాయింట్లు విప్పాలి, దిగేటప్పుడు 105 బిగించాలి. అంటే ఒక్క రౌండ్ ట్రిప్‌లో స్లిప్స్ (పైపు కిందికి జారకుండా పట్టి ఉంచే చీలలు) 210 సార్లు వెయ్యాలి, 210 సార్లు తీయాలి. పైపుని పట్టి పైకెత్తే ఎలివేటరూ అన్నిసార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఇన్నిసార్ల పట్టు నిలబడేది 2000 హార్స్‌పవర్ మోటార్ల మీద కాదు, అరచేతిలో ఇమిడే డైల (పళ్లున్న ఉక్కు ముక్కల) మీద, వాటి పళ్ల మీద.

ఇప్పుడు మన గోదావరి ప్రాంతంలోకి కూడా హైడ్రాలిక్ రిగ్గులు, యంత్రాలతో పైపు ఎత్తే పద్ధతులు వస్తున్నాయి. హైదరాబాద్‌కి చెందిన మేఘా ఇంజినీరింగ్ ఓఎన్‌జీసీకి 47 రిగ్గులు కట్టిచ్చే ఆర్డరు తీసుకుంది. మనిషి చెయ్యి పైపుకీ ఇనుముకీ మధ్యనుంచి బయటికి రావడం కంటే మంచి మార్పు రిగ్గు మీద ఇంకోటి లేదు. స్పిన్నింగ్ చెయిన్, అంటే జాయింటు తిప్పే గొలుసు, పైపుకి చుట్టి లాగే రోజుల్లో ఎన్ని వేళ్లు పోయాయో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ గొలుసు మళ్లీ ఏ ఫ్లోర్ మీదా కనబడకూడదు.

అయితే నా వాదన ఒకటుంది. యంత్రం వచ్చాక పళ్ల తనిఖీ పెరగాలి. జరుగుతున్నది దానికి తలకిందులు. మెషిన్ వచ్చింది కదా, అదే చూసుకుంటుందిలే అన్న భరోసాతో తనిఖీ తగ్గిపోతోంది. చేత్తో టాంగ్ (జాయింటు తిప్పే పెద్ద పట్టకారు) వేసినప్పుడు డై జారితే రిగ్‌మ్యాన్‌కి వెంటనే తెలుస్తుంది. టాంగ్ కుదుపుతుంది, కిర్రుమంటుంది, భుజానికి దెబ్బ తగిలినట్టుంటుంది. క్యాబిన్‌లో అద్దం వెనక కూర్చుని జాయ్‌స్టిక్ తిప్పే డ్రిల్లర్‌కి కనిపించేది స్క్రీన్ మీద ఒక అంకె. చేతిని తప్పించినప్పుడు చేతికి తెలిసే విషయాన్ని కూడా తప్పించేశాం. దాని స్థానంలో ఏం పెట్టామన్నదే ప్రశ్న.

ముందు స్లిప్స్ సంగతి. చూడ్డానికి మూడు ముక్కల ఇనుప చీలలు, మూడు పిడులు. ఫ్లోర్ మధ్య పైపు దిగే రోటరీ టేబుల్‌లో బౌల్ (స్లిప్స్ కూర్చునే గుంట) ఏటవాలుగా ఉంటుంది, ఒక అడుగు పొడవుకి వ్యాసంలో 4 అంగుళాల తేడా. స్లిప్స్ వీపు కూడా అదే వాలు. పైపు బరువు కిందికి లాగే కొద్దీ స్లిప్స్ బౌల్‌లోకి దిగుతాయి, దిగే కొద్దీ పైపుని నాలుగు పక్కలనుంచీ బిగిస్తాయి. వీపు నున్నగా, గ్రీజుతో ఉంటే పక్కలనుంచి నొక్కే బలం మోసే బరువుకి సుమారు నాలుగింతలు. 3,000 మీటర్ల పైపు గాలిలో 96 టన్నులు ఉంటుందనుకుంటే, 1.2 సాంద్రత ఉన్న మడ్‌లో (బావిలో తిరిగే బురద ద్రవంలో) 80 టన్నుల చిల్లర. అంటే పైపు గోడ మీద 320 టన్నులకు పైగా నొక్కుడు. ఇంత నొక్కుడు స్లిప్స్ పొడవంతా సమానంగా పరుచుకుంటే పైపుకి ఏమీ కాదు. బౌల్ అరిగిపోయి, పై నాలుగు అంగుళాలో కింది నాలుగు అంగుళాలో మాత్రమే పట్టుకుంటే, ఆ మొత్తం అక్కడే పడుతుంది. పైపుకి నడుము పడుతుంది. లోపలి వ్యాసం తగ్గిపోయి టూల్ దిగదు, అదే చోట పళ్ల గాట్లు లోతుగా పడి ఫెటీగ్ పగులు అక్కడినుంచే మొదలవుతుంది.

గ్రీజు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. గ్రీజు స్లిప్స్ వీపుకి, బౌల్ లోపలి ముఖానికి పెట్టాలి, లేకపోతే స్లిప్స్ ఇరుక్కుపోయి లాగినా రావు. పళ్లకి మాత్రం ఏదీ తగలకూడదు. డోప్ (జాయింటు థ్రెడ్లకి రాసే గ్రీజులాంటి పూత) అంటుకున్న గ్లవ్‌తోనే స్లిప్స్ పట్టుకుంటే పళ్ల సందుల్లోకి డోప్ చేరుతుంది, దాని మీద ఆయిల్ బేస్ మడ్, దాని మీద పైపుకి అంటిన బంకమట్టి. గంటలో పళ్లు పూడిపోయి పలక అయిపోతాయి. వైర్ బ్రష్ ఫ్లోర్ మీదే తగిలించి ఉండాలి, స్టోరులో కాదు.

స్లిప్స్ బాగున్నాయో లేదో చూడ్డానికి ఒక పరీక్ష ఉంది. ఖర్చు దాదాపు లేదు. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది దీన్ని వాయిదా వేస్తుంటారు. స్లిప్స్ కూర్చునే చోట పైపుని శుభ్రంగా తుడవాలి. గాట్లు లేని జాగా ఎంచుకోవాలి. స్లిప్స్ పళ్లు, బౌల్ కూడా బ్రష్‌తో కడిగి ఆరనివ్వాలి. గట్టి కాగితం ఒక పొర పైపుకి చుట్టి టేపుతో అతికించాలి. స్లిప్స్ మెల్లగా వేసి, కనీసం లక్ష పౌండ్ల బరువు, అంటే 45 టన్నులు దాని మీద పడేలా ఎలివేటర్ దించాలి. తర్వాత బరువు ఎత్తి, కాగితం నలగకుండా పిడులు జాగ్రత్తగా పట్టుకుని స్లిప్స్ తీయాలి. ఇప్పుడు కాగితం విప్పి చూడండి. పళ్ల ముద్రలు పైనుంచి కిందిదాకా, చుట్టూతా ఉంటే నిశ్చింత. ఒక కొసనే ముద్రలు పడితే అరుగుదల ఉన్నట్టే. అరిగింది స్లిప్సా, బౌలా? కొత్త స్లిప్స్ తెచ్చి మళ్లీ అదే పరీక్ష. కొత్తవాటితో ముద్రలు నిండుగా వస్తే పాత స్లిప్స్ పారేయాలి. కొత్తవాటితో కూడా రాకపోతే మాస్టర్ బుషింగో (బౌల్‌ని పట్టి ఉంచే చట్రం), బౌలో మార్చాలి. ఇదంతా గంటలో అయిపోయే పని. కాగితం మీద తేదీ, స్లిప్స్ నంబరు రాసి ఫైల్లో పెడితే మూడు నెలల తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

స్లిప్స్‌లో అరిగిన ఇన్‌సర్టులు (పళ్లున్న ముక్కలు) మార్చేటప్పుడు పూర్తి సెట్టు మార్చాలి. ఖర్చు కలిసొస్తుందని పాతవాటి మధ్య రెండు కొత్తవి దూర్చితే, కొత్తవి మిగతావాటికంటే కాస్త ముందుకు పొడుచుకుని ఉంటాయి. బరువంతా ఆ రెండే మోస్తాయి. సైజు విషయంలో సర్దుబాటు అసలు వద్దు. 4½ అంగుళాల స్లిప్స్ 5 అంగుళాల పైపుకి వేస్తే అంచులు మాత్రమే తగిలి పైపుని చీరేస్తాయి. పైపు దిగుతుండగానే స్లిప్స్ వేసి బ్రేకు పని వాటితో చేయించడం కూడా అలాంటిదే. ముందు పైపు ఆగాలి, ఆ తర్వాతే స్లిప్స్.

టాంగ్‌లకి వద్దాం. టార్క్ అంటే లాగే బలం గుణించు చెయ్యి పొడవు. 4 అడుగుల టాంగ్‌ని 6,500 పౌండ్లతో లాగితే 26,000 ఫుట్ పౌండ్లు. కానీ ఇది లాగే తాడు, టాంగ్ చెయ్యి 90 డిగ్రీల్లో ఉన్నప్పుడే. 60 డిగ్రీలకి వచ్చేస్తే అదే గేజీ, అదే 6,500, కానీ జాయింటుకి చేరేది 22,500 మాత్రమే. గేజీ చూసి సరిపోయిందనుకుంటాం, జాయింటు మాత్రం 13 శాతం వదులు. స్నబ్ లైన్ (టాంగ్‌ని పట్టి ఉంచే తాడు) పొడవు సరిచూసుకోవడం అందుకే. టాంగ్ పూర్తిగా బిగిసే క్షణంలో కోణం 90 ఉండాలి, మొదలుపెట్టినప్పుడు కాదు.

ఇక టార్క్ ఎంత? 5 అంగుళాల పైపు చివర ఉండే ఎన్‌సీ50 రకం టూల్ జాయింటు (పైపుల్ని కలిపే మందపాటి కొస), బయటి వ్యాసం 6⅝, లోపలి రంధ్రం 3½ అయితే 26 వేలకి కాస్త అటూ ఇటూ. జాయింటు అరిగి బయటి వ్యాసం తగ్గితే ఈ అంకె కూడా తగ్గుతుంది, టేబుల్ చూసుకోవాలి. ఇక్కడ డోప్ డబ్బా మీదున్న అంకెని ఎవరూ పట్టించుకోరు. దాన్ని ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ అంటారు. టేబుల్‌లో ఇచ్చిన టార్క్ ఫ్యాక్టర్ 1 అనుకుని రాసింది. డబ్బా మీద 1.15 అని ఉంటే 26,000 కాస్తా 29,900 అవ్వాలి. 0.9 ఉంటే 23,400 చాలు. స్టోరువాళ్లు ఈ నెల వేరే కంపెనీ డోప్ పంపితే, ఫ్లోర్ మీద బోర్డుపై రాసిన టార్క్ అంకె కూడా ఆ రోజే మారాలి. కేసింగ్‌కి (బావి గోడకి ఆసరాగా దించే గొట్టాలకి) వాడే డోప్ టూల్ జాయింటుకి రాయడం మరీ పెద్ద తప్పు. అది తక్కువ రాపిడి కోసం చేసింది, దాంతో జాయింటు అనుకున్నదానికంటే ఎక్కువ బిగుసుకుని పిన్ (లోపలికి దూరే కొస) సాగిపోతుంది, లేదా బాక్స్ (దాన్ని ఇముడ్చుకునే కొస) గంటలా విచ్చుకుంటుంది.

తక్కువ బిగిస్తే ఏమవుతుంది? డ్రిల్ పైపు జాయింటులో మడ్‌ని ఆపేది థ్రెడ్ కాదు, షోల్డర్ (థ్రెడ్ పక్కనుండే చదునైన అంచు). రెండు షోల్డర్లూ గట్టిగా ఒరుసుకుని కూర్చోవడం వల్లే సీలు. వదులుగా ఉంటే పైపు వంగి తిరిగినప్పుడల్లా షోల్డర్ ఒక వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. వందల కిలోల ప్రెషర్‌లో ఉన్న మడ్, దాంట్లో ఇసుకతో సహా, ఆ సందులోంచి చిమ్ముతుంది. ఇనుముని కత్తిలా కోసేస్తుంది. పైన కనిపించే గుర్తు ఒకటే: పంపు స్ట్రోకులు మారకుండానే పంప్ ప్రెషర్ మెల్లగా పడిపోవడం. అప్పటికైనా పట్టించుకుని పైపులు తీస్తే వాషౌట్, అంటే మడ్ కోసేసిన చోటు, దొరుకుతుంది. పట్టించుకోకపోతే పైపు తెగి బావిలో ఉండిపోతుంది, ఆ తర్వాత దాన్ని పైకి తీసే పని, ఫిషింగ్.

జాయింట్లు బిగించి విప్పే యంత్రం ఐరన్ రఫ్‌నెక్ ఈ పనంతా మనిషి దగ్గరికి పోకుండా చేస్తుంది. పైన స్పిన్నర్ రోలర్లు, కింద రెండు దవడలు. కింది దవడ బాక్స్‌ని పట్టుకుంటుంది, పై దవడ పిన్‌ని పట్టి పాతిక ముప్పై డిగ్రీలు తిప్పుతుంది, చాలకపోతే వదిలి మళ్లీ పడుతుంది. బాగుంది. కానీ స్క్రీన్ మీద చూపే టార్క్ జాయింటులో కొలిచింది కాదు. సిలిండర్‌లో హైడ్రాలిక్ ప్రెషర్ చూసి లెక్కగట్టింది. రిటర్న్ లైన్‌లో అడ్డంకి ఉండి వెనక ప్రెషర్ ఉన్నా, సెన్సర్ క్యాలిబ్రేషన్ తప్పినా, ఆ లెక్క తప్పే. మే నెలలో కోనసీమ ఎండకి హైడ్రాలిక్ ఆయిల్ వేడెక్కి పల్చబడ్డప్పుడు దవడ బిగింపు సరిపోతుందో లేదో ప్రత్యేకంగా చూడాలి. బిగింపు తక్కువ, తిప్పుడు ఎక్కువ అయితే పళ్లు జాయింటు మీద జారుతాయి. జారిన ప్రతిసారీ పళ్లు నున్నబడతాయి, టూల్ జాయింటు మీద ఇనుము ముళ్లు లేస్తాయి. ఆ ముళ్లు చేతులు కోయడంతో ఆగవు. బావి అదుపు తప్పబోతున్నప్పుడు బీఓపీలో (బావి నోరు మూసే వాల్వుల దొంతరలో) యాన్యులర్ రబ్బరు, అంటే పైపు చుట్టూ బిగిసేది, మూసి దాని గుండా పైపు కదిలించాల్సి వస్తే, అవే ముళ్లు రబ్బరుని చీల్చుతాయి. ముల్లు కనిపిస్తే అప్పుడే ఆకురాయితో నున్న చెయ్యాలి.

దవడల ఎత్తు సంగతి కూడా అంతే. పిన్, బాక్స్ కలిసే గీత రెండు దవడల మధ్య సందులోకి రావాలి. ఒక్క దవడ ఆ గీత మీదికి ఎక్కిందంటే పిన్‌నీ బాక్స్‌నీ కలిపే పట్టుకుంటుంది. మోటారు మొత్తుకుంటుంది, జాయింటు తిరగదు, షోల్డర్ అంచు నలుగుతుంది. హార్డ్‌బ్యాండ్ (జాయింటు అరగకుండా వేసే గట్టి పట్టీ) మీద పళ్లు వేస్తే పళ్లే విరుగుతాయి. విరిగిన ముక్క ఎటు పోతుంది?

బావిలోకి. పిడికెడు కూడా లేని డై ముక్క, రిటైనర్ బోల్టు వదులై ఊడిపోయిన డై, బావిలో పడితే బిట్ కింద చేరుతుంది. దాని మీద బిట్ పళ్లు విరుగుతాయి. మ్యాగ్నెట్‌తోనో, జంక్ బాస్కెట్‌తోనో దాన్ని తీయాలంటే ఇంకో రౌండ్ ట్రిప్. అంటే పైన లెక్క చెప్పిన 210 పట్లు, ఒక డై కోసం. అందుకే పైపు బావిలో లేనప్పుడు హోల్ కవర్ వెయ్యాలి, ఉన్నప్పుడు ప్రతి షిఫ్టులో రిటైనర్ పిన్నులు, కీపర్లు వేలితో కదిపి చూడాలి. కళ్లతో చూస్తే చాలదు, డోప్ కప్పేసి ఉంటుంది.

ఎలివేటర్ గురించి ఒక లెక్క చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే అది కంటికి ఆనని ప్రమాదం. డ్రిల్ పైపు ఎలివేటర్ పైపుని పళ్లతో పట్టుకోదు, టూల్ జాయింటు కింద 18 డిగ్రీల వాలు భాగం దాని మీద కూర్చుంటుంది. కొత్తలో జాయింటు 6⅝, ఎలివేటర్ రంధ్రం 5¼. ఆనే వైశాల్యం, పైనుంచి చూసినప్పుడు, 12.8 చదరపు అంగుళాలు. జాయింటు అరిగి 6⅛కి వచ్చి, ఎలివేటర్ రంధ్రం అరిగి 5⅜ అయిందనుకోండి. విడివిడిగా చూస్తే రెండూ పర్లేదనిపిస్తాయి. కలిపితే మిగిలేది 6.8 చదరపు అంగుళాలు, దాదాపు సగం. పైపు ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఒకరి దగ్గర, ఎలివేటర్ రిపోర్టు ఇంకొకరి దగ్గర ఉంటే ఈ రెండు అరుగుదలలనీ కలిపి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. డ్రిల్ కాలర్లకి (బిట్ పైన వాడే బరువైన మందపాటి పైపులకి) ఆ ఆనిక కూడా లేదు, ఒంటి మందాన నేరుగా ఉంటాయి. 8 అంగుళాల కాలరు ఒక్కటే రెండు టన్నుల పైచిలుకు. లిఫ్ట్ సబ్ (ఎలివేటర్ పట్టుకోవడానికి పైన పెట్టే ముక్క) బిగించి ఎత్తాలి, స్లిప్స్‌లో పెట్టాక పైన రెండు మూడు అంగుళాల ఎత్తులో సేఫ్టీ క్లాంప్ వెయ్యాలి. స్లిప్స్ జారితే క్లాంప్ వచ్చి స్లిప్స్ మీద తన్ని మళ్లీ బిగిస్తుంది.

సముద్రపు గాలి కూడా మన దగ్గర లెక్కలోకి తీసుకోవాలి. నరసాపురం, రాజోలు వైపు ర్యాకులో పెట్టిన పైపుల పిన్నులు డోప్ కారిపోయిన చోట తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. ప్రొటెక్టర్ లేకుండా క్యాట్‌వాక్ (పైపులు పెట్టే వేదిక) మీదినుంచి వీ-డోర్‌లోకి (ఫ్లోర్ మీదికి పైపు వచ్చే దారిలోకి) లాగిన పిన్, ఒక్క దెబ్బ షోల్డర్ మీద పడినా, పైన చెప్పిన వాషౌట్‌కి అక్కడే విత్తనం. కొత్త జాయింట్లయితే మొదటిసారి మూడుమార్లు బిగించి విప్పి, ప్రతిసారీ తుడిచి కొత్త డోప్ రాసి చూడాలి. టైమ్ లేదని ఒక్కసారితో దించేస్తే థ్రెడ్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.

పైపు పట్టుకోవడం బావి అదుపుతో ముడిపడి ఉందని కోనసీమవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో మొదలైన బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మడం) మంట 65 రోజులు మండింది. ఆ ప్రమాదానికి కారణం ఇదని నేను అనడం లేదు. ట్రిప్‌లో, పైపు స్లిప్స్‌లో కూర్చుని, పైన ఏ జాయింటూ లేకుండా నోరు తెరుచుకుని ఉన్నప్పుడు బావి తన్నుకొస్తే చేయగలిగిందేమిటని మాత్రమే అడుగుతున్నాను. ఫుల్ ఓపెనింగ్ సేఫ్టీ వాల్వ్ తెచ్చి పైపు నోట్లో పెట్టి బిగించి, తర్వాత మూయాలి. ఆ వాల్వ్ తెరిచే ఉంచాలి, లేకపోతే ఎగదన్నే ప్రవాహం మీద దాన్ని కూర్చోబెట్టడం సాధ్యం కాదు. మూసే కీ దాని పక్కనే గొలుసుతో కట్టి ఉండాలి. స్లిప్స్‌లోకి కాలర్లు వచ్చేసరికి థ్రెడ్ మారిపోతుంది, కాబట్టి క్రాస్‌ఓవర్ (రెండు రకాల థ్రెడ్లని కలిపే ముక్క) ముందే బిగించి సిద్ధంగా పెట్టుకోవాలి. ఐరన్ రఫ్‌నెక్ దవడలు ఆ వాల్వ్ వ్యాసానికి సరిపోతాయా? చాలా ఫ్లోర్ల మీద ఈ ప్రశ్న అడగకుండానే పాత టాంగ్‌లు దించేసి స్టోరుకి పంపేస్తున్నారు. సరిపోకపోతే ఆ రాత్రి వాల్వ్ బిగించేది చేత్తోనే, టాంగ్‌తోనే. కాబట్టి ఒక జత టాంగ్‌లు ఫ్లోర్ మీద వేలాడుతూ ఉండాలి, వాటి డైలు కొత్తగా ఉండాలి, ప్రతి క్రూ నెలకొకసారైనా వాటితో ఒక జాయింటు విప్పి బిగించాలి.

రిగ్గు తీసుకునే రోజు పెట్టే అంగీకార పరీక్షలో హార్స్‌పవర్, హుక్ లోడ్ పక్కన నాలుగు వరసలు అదనంగా ఉండాలని నా అభిప్రాయం. స్లిప్ పరీక్ష కాగితం, ప్రతి సైజుకీ ఒకటి. ఎలివేటర్ రంధ్రం కొలత, తోడుగా పైపు జాయింట్ల కొలత, రెండూ ఒకే పేజీ మీద. ఐరన్ రఫ్‌నెక్ చూపే టార్క్‌ని విడిగా లోడ్ సెల్‌తో సరిచూసిన రిపోర్టు. విడి డైల లెక్క, ప్రతి రకానికీ కనీసం రెండు పూర్తి సెట్లు, గ్రీజు అంటని పొడి పెట్టెలో, డ్రిల్లర్ క్యాబిన్ నుంచి పది అడుగుల్లో.

ఆ పెట్టె మూత తీస్తే పైన వైర్ బ్రష్ ఉండాలి, వెంట్రుకలు అరిగిపోనిది.